పిట్టగోడ దాటని మొక్కలు

మార్చి 27

అగ్గిపెట్టెలో దూది మీద నాలుగు గింజలు. బూడిదరంగు మీద నల్లటి చారలు. బెలెన్ ఈ రోజు బట్టలు మార్చుకునే గదిలో నా జేబులో పెట్టింది.

"అక్కా, ఇది పొట్టి రకం గంజాయి. మీ మేడ పిట్టగోడ దాటదు. ఇంట్లో పెంచుకుంటే ఎవడూ అడగడు, వీధిలోకి కనబడిందా, జరిమానా రాసి చేతిలో పెడతారు. ఇందులో సటైవా జాతి పాలే ఎక్కువ. అంటే మనిషిని మంచానికి అతికించెయ్యదు, తిరుగుతూ పని చేసుకోవచ్చు. కాకపోతే అక్టోబరు దాకా ఆగాలి. ఆగగలవా?"

"ఆగాల్సింది మా నాన్న కదా" అన్నాను.

పోయిన నెల ఈ మొక్క నూనె చుక్కల సీసా ఇచ్చినప్పుడు కూడా నాన్న భుజానికే అని చెప్పాను. బెలెన్‌ది వలలు అల్లే కంపెనీలో నా పక్క బల్ల. ముప్పై రెండేళ్ల పిల్ల, నోట్లో మాట దాగదు గానీ మనసు మంచిది. ఆమెకి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏమొచ్చిందో నాకే తెలియదు. నోట్లోంచి వచ్చేసింది, ఇక దాన్నే పట్టుకుని వేలాడుతున్నాను.

ఇది నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడైనా సరిగ్గా రాయాలి. నాన్న భుజం నిక్షేపంగా ఉంది. ఎడమ చెయ్యి నాది. ఎడమ కాలు నాది. నరాల మీద పొర అక్కడక్కడా ఊడిపోతోందని ఫిబ్రవరిలో డాక్టరమ్మ చెప్పింది. జబ్బు పేరు కూడా చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది.

ఆ చుక్కలు వేసుకున్న సాయంత్రం పిక్క వదులైంది. వేళ్లు విచ్చుకున్నాయి. అదంతా నా ఊహేనేమో కూడా. సీసా అయిపోయింది. ఇంకోటి అడిగితే బెలెన్ నాన్నను చూడటానికి ఇంటికి వస్తానంటుంది.

అక్టోబరు ఆఖర్లో కంపెనీ డాక్టరు అందరి చేతులూ చూస్తాడు. అల్లే సూది గట్టిగా పట్టుకోలేనివాళ్లని బల్ల దగ్గర ఉంచరు. నాకు యాభై ఒకటి. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ బల్ల నాది. అక్టోబరు మొదట్లో పువ్వు కోసి, ఆరబెట్టి, నూనె కాచుకుంటే ఆ రోజుకి చెయ్యి నిలబడుతుంది. అంతవరకే ఆలోచించాను.

ఏప్రిల్ 1

మూడే మిగిలాయి.

గింజల్ని తడి కాగితంలో చుట్టి, రెండు పళ్లేల మధ్య పెట్టి, వేణ్ణీళ్ల బాయిలరు మీద దాచాను. స్నానం చేసి వచ్చేసరికి నాన్న పళ్లెం మూత తీసి, ఒక గింజని ముందు పళ్ల మధ్య పెట్టి కొరికేశాడు. కొరికి, నమిలి, కళ్లు మూసుకున్నాడు.

"నూనె ఉంది. మంచి విత్తనం" అన్నాడు. "బస్తా ఎక్కడ పెట్టావే?"

"బస్తా ఏమిటి నాన్నా! నాలుగంటే నాలుగే ఇచ్చారు. అందులో ఒకటి తినేశావు!"

"నాలుగా? నాలుగు గింజలతో ఏం చేస్తావు, చీమకి పగ్గం పేనుతావా?"

విత్తనం కొరికి చూడటం నాన్న కాలంవాళ్ల పద్ధతి. సంతలో బస్తాలోంచి తీసి కొరకడం, చప్పుడు వినడం, తర్వాతే బేరం. ఈ మొక్క మాట ఎత్తితే మా ఊళ్లో బెలెన్ వయసువాళ్లు గొంతు తగ్గిస్తారు, నాన్న వయసువాళ్లు గొంతు పెంచుతారు. వీళ్లకది నారమొక్క. నైలాను వచ్చేదాకా సెగూరా నది ఒడ్డున ఊరు ఊరంతా అదే వేసింది, అదే కోసింది, నీళ్లలో ఊరవేసింది, తాళ్లు పేనింది. నాన్న పదకొండో ఏట మొదలుపెట్టాడు. ఆ నారదుమ్ము ఇప్పటికీ ఆయన దగ్గులో ఉంది.

"దేనికే ఇది?" అన్నాడు.

"నీ భుజానికి. నూనె కాస్తారట."

"నా భుజానికేం?" అని చెయ్యి గుండ్రంగా తిప్పి చూపించాడు. ఎనభై ఐదేళ్ల మనిషి గాలిమర తిప్పినట్టు తిప్పాడు.

"లోపల అరిగిందట నాన్నా. డాక్టరు చెప్పింది."

"నాకు చెప్పలేదే?"

"నాకు చెప్పింది."

చెయ్యి దించేశాడు. భోజనం అయ్యేదాకా భుజం పట్టుకునే కూర్చున్నాడు.

ఏప్రిల్ 6

మూడూ మొలిచాయి. చెయ్యి కూడా ఈ రోజు చాలా బాగుంది. డాక్టరమ్మ పొరబడి ఉంటుంది.

మే 14

కుండీల్లోకి మార్చి మూడు వారాలైంది. రెండు మొక్కలు బెలెన్ చెప్పినట్టే పొట్టిగా, గుబురుగా వస్తున్నాయి. మూడోది మాత్రం సన్నగా నిటారుగా లేస్తోంది. అన్నీ ఒకే రకం గింజలైతే ఇదెందుకు ఇలా ఉందో అర్థం కాలేదు. బెలెన్‌ని అడిగితే, "ఒకే తల్లి పిల్లలు ఒకే ఎత్తుంటారా ఏంటి? చూస్తూ ఉండు. అందులో పోతు మొక్క ఉండొచ్చు. పోతు పువ్వు పుయ్యదు, పుప్పొడి రాల్చి పక్కవాటికి గింజ కట్టిస్తుంది, ఇక అవి దేనికీ పనికిరావు. కనబడగానే ఫోటో పెట్టు" అంది. ఆకులు చూసి పోతని ఎలా తెలుస్తుందో అడగలేదు. అడిగితే వచ్చి చూస్తానంటుంది.

నాన్న పొద్దున కాఫీ మేడమీదే తాగుతున్నాడు. కుర్చీ కూడా పైకి చేరింది.

"ఇంత ఎడంగా పెడితే ఎలా లేస్తాయే? ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరగాలి. మధ్యలోంచి చెయ్యి పోకూడదు. అప్పుడే కాండం నిలువుగా వస్తుంది."

"పొట్టిగానే ఉండాలి నాన్నా. పిట్టగోడ దాటకూడదు."

"పొట్టిగానే ఉండాలా?" అని నా మొహంలోకి చూశాడు. పొట్టివాటి వైపు చూశాడు. "ఇవి గిడసబారిపోయాయి. మా రోజుల్లో ఇలాంటివాటిని పీకి గట్టు మీద పారేసేవాళ్లం. ఇదిగో, ఇదొక్కటే మొక్క" అని పొడుగుదాని కాండం మీద వేలు రాశాడు.

ఈ వారం రెండు పళ్లేలు పగిలాయి. సబ్బు జారుడుగా ఉంది. సబ్బు మార్చాలి.

జూన్ 2

మొక్కల కింది కొమ్మలు ఎవరో తీసేశారు. చీడ కాదు. గిల్లినట్టు, కాండానికి సమంగా. మూడింటికీ.

నేనే తీసి మర్చిపోయానా? కొత్త మాత్రలు వేసుకున్న దగ్గర్నుంచి తల బరువుగా ఉంటోంది. కాగితం తీసి పని రాసుకుంటే, అదే పని కింద ఇంకోసారి రాసి ఉంటోంది. నాన్నని అడిగాను. "గాలికి పోయి ఉంటాయి" అన్నాడు. గాలి గోళ్లు పెట్టి గిల్లదు కదా.

పక్క మేడ ఒబ్దూలియా పిన్ని మీద అనుమానం ఉంది. ఆమె పిల్లి మీద కూడా ఉంది.

జూన్ 11

సాయంత్రం వీధిలో కుర్చీలేసుకుని కూర్చున్నాం. ఎండ తగ్గాక అందరూ తలుపుల ముందుకు వస్తారు కదా. కొండ వైపు నుంచి గాలి మళ్లింది. తొంభై ఏళ్ల ఎవుసేబియో తాత బఠానీలు ఒలుస్తున్నవాడు ఆగిపోయి ముక్కు పైకెత్తాడు.

"ఒరేయ్ హినేస్, ఎవరో నార వేశారురా."

హినేస్ అంటే మా నాన్నే. ఆయన తల వంచి చొక్కా బొత్తాం సర్దుకున్నాడు.

"ఈ వాసన నేను మర్చిపోతానా? మా ఆవిణ్ణి మొదటిసారి చూసింది ఈ వాసనలోనే" అన్నాడు తాత.

"మీ ఆవిడ నిన్ను చూసి ముక్కు మూసుకున్నది కూడా ఈ వాసనలోనే. ఊరవేత గుంటలోంచి లేచొచ్చావప్పుడు" అంది ఒబ్దూలియా పిన్ని.

అందరూ నవ్వారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. అందరికీ తెలుసా? ఎవరికీ తెలియదా? ఊళ్లో ముక్కున్న ముసలాళ్లందరి మధ్యా నేనిది దాచాలనుకోవడం బుద్ధితక్కువ పనిలా ఉంది. కుర్చీ మడిచి లోపలికి తెస్తుంటే కాలు గడపకి తగిలింది. నాన్న చూస్తున్నాడు. "చెప్పు జారింది" అన్నాను. నా కాళ్లకి చెప్పులు లేవు.

జూన్ 12

చెప్పులు వేసుకోవాలి.

జూలై 8, శనివారం

పొడుగుదే పోతు. కొమ్మల సందుల్లో చిన్న చిన్న ఆకుపచ్చ గుండ్లు గుత్తులుగా వచ్చాయి, పిల్లలు ఆడుకునే బొమ్మ ద్రాక్షగుత్తిలా. పొట్టివాటికి అదే చోట రెండేసి తెల్లటి వెంట్రుకలు. బెలెన్‌కి ఫోటో పెడితే నిమిషంలో ఫోన్ చేసింది.

"ఇవాళే పీకెయ్యి అక్కా. రేపంటే రేపు ఆ గుండ్లు విచ్చుకుంటాయి. మిగతా రెండూ ఆడవే, నీ అదృష్టం!"

నాన్నతో చెప్పాను. నాన్న లేచి నిలబడ్డాడు.

"ఉన్నదొక్కటే మంచిది, దాన్ని పీకుతావా? పీకి, ఆ మరుగుజ్జుల్ని ఉంచుతావా?"

"ఇది పోతు నాన్నా. పనికిరాదు."

"నాకా చెబుతున్నావు? నారకి అదే మేలు. సన్నగా, పట్టులా వస్తుంది. ఎవడే నీకు పాఠం చెప్పింది?"

"నార కోసం కాదని ఎన్నిసార్లు చెప్పాలి! పువ్వు కోసం! నీ భుజం కోసం!"

"నా భుజం నొప్పెట్టడం లేదే!" అని అరిచాడు. అరిచి, నావైపు ఒక రకంగా చూశాడు. కోపం కాదు. చిన్నప్పుడు జ్వరం వస్తే నుదుటిమీద చెయ్యిపెట్టి చూసే చూపది. దానికి కారణమేమిటో తెలియలేదు.

పీకడానికి ఎడమ చెయ్యి సాయం రాలేదు. పిడికిలి మూసుకోనే లేదు. కుడి చేత్తో లాగితే కుండీతో సహా వచ్చింది. చివరికి కుండీని కాలితో తొక్కిపట్టి, కాండాన్ని మోచేతి వంపులో ఇరికించి వెనక్కి పడ్డాను. పడ్డాక కాసేపు లేవలేకపోయాను, నవ్వు కూడా వచ్చింది, ఎందుకు నవ్వానో తెలియదు. నాన్న అంతా చూస్తూనే ఉన్నాడు. లేపడానికి రాలేదు. నా పక్కకి వంగి, నా ఊపిరి వాసన చూసినట్టు అనిపించింది. ముసలితనం మనుషుల్ని ఎలా చేసేస్తుందో!

ఆగస్టు 16

మా ఊరి పండగ. సెయింట్ రోకె ఊరేగింపు. బాణాసంచా చప్పుళ్లకి కుండీలు అదిరాయి. అన్నం మీద గుడ్డుసొన పోసి, అది పెచ్చులా గట్టిపడేలా వండాను, నాన్నకి ఇష్టమని. ఒక ముద్ద తిని చెంచా పెట్టేశాడు.

"ఈ పండగనాటికి నార మొత్తం నీళ్లలో ఉండాలి. గుంటల మీద రాళ్లు పెట్టేసి, స్నానం చేసి, అప్పుడు ఊరేగింపుకి వచ్చేవాళ్లం. నీ మొక్కలు ఇంకా ఎండలో నిలబడి ఉన్నాయి."

"అక్టోబరులో కోస్తాను నాన్నా."

"అక్టోబరులోనా?" చుట్టూ చూశాడు, ఎవరైనా సాక్ష్యానికి ఉన్నారా అన్నట్టు. "అక్టోబరుకి అది చెట్టవుతుంది. కర్రైపోతుంది. పొయ్యిలో పెట్టుకోవడానికి తప్ప దేనికీ రాదు. అమ్మాయ్, నీకు ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"తల?"

"నాన్నా!"

ఆయనకి మతి తప్పుతోందని నాకు భయంగా ఉంది. అరవై ఏళ్ల కిందటి పంట లెక్కలు ఇప్పుడు రెండు కుండీల మీద వేస్తున్నాడు. మేడ మీద వెనక్కి నడుస్తున్నాడు. తాడు పేనేటప్పుడు నడుముకి నార చుట్టుకుని అలాగే వెనక్కి వెనక్కి నడిచేవాళ్లట, రోజుకి ఇరవై కిలోమీటర్లట. ఇప్పుడు ఆలోచన పట్టుకుంటే కాళ్లు వాటంతట అవే వెనక్కి పడతాయి. పిట్టగోడకి వీపు తగిలి ఆగుతాడు. ఆయన్ని డాక్టరుకి చూపించాలి. నా అపాయింటుమెంటు రోజునే ఆయనకీ తీసుకుంటే... వద్దు. అక్కడ నా పేరు పిలుస్తారు.

ఆయన మాటలోనూ ఏదో ఉందా? ఎవరి మాట వినాలి? బెలెన్ నాలుగేళ్లుగా పెంచుతోంది. నాన్న వెయ్యి ఎకరాలు చూశాడు. మొక్క మాత్రం ఒకటే. ఒకరు కొయ్యమంటారు, ఒకరు ఆగమంటారు. నాకు తల తిరిగిపోతోంది.

ఆగస్టు 30

పువ్వు కట్టింది! వేలంత పొడుగు గుత్తులు, ముట్టుకుంటే జిగురు, నిమ్మతొక్కా మిరియాలూ కలిసిన వాసన. మొక్కలు నా ఛాతీ దాకా కూడా లేవు. పిట్టగోడ కింద బుద్ధిగా కూర్చున్నాయి. ఈ సంవత్సరం నా మాట విన్నవి ఇవి రెండే.

పనిలో సూది జారింది. మూడుసార్లు. మేస్త్రీ అమాన్సియో నా బల్ల దగ్గర ఆగాడు. "ఎండలు కదా, చేతులకి చెమట పడుతోంది" అన్నాను. "అవునవును" అని వెళ్లిపోయాడు. రెండుసార్లు అవును అనాల్సిన అవసరం ఏమిటి?

ఇంకా ఐదు వారాలు.

సెప్టెంబరు 9

నీళ్లు పోశాను.

నీళ్లు పోయాలి. (పోశానని పైన ఉంది. మట్టి మాత్రం పొడిగా ఉంది.)

సెప్టెంబరు 15

నాన్న నా చేతిసంచి వెతికాడు. నేను వంటింట్లోంచి చూశాను. మాత్రల పెట్టె చేతిలోకి తీసుకుని, కళ్లకి దగ్గరగా పెట్టుకుని, చదవలేక, మళ్లీ పెట్టేశాడు. ఏం వెతుకుతున్నావని అడగలేదు. అడిగితే ఆయన కూడా అడుగుతాడు.

సెప్టెంబరు 22

రాయలేను.

సెప్టెంబరు 24

రాస్తాను. ఎక్కడో ఒకచోట పెట్టకపోతే నిద్ర రాదు.

శుక్రవారం పక్క ఊరి పెద్దాసుపత్రిలో తలకి స్కానింగు. నాన్నకి ఓవర్‌టైమని చెప్పాను. తిరిగొచ్చేసరికి సాయంత్రం ఐదైంది. వీధి మొదట్లోకి రాగానే వాసన తగిలింది, పచ్చి ఆకు కాలిన వాసన. ఒబ్దూలియా పిన్ని, ఎవుసేబియో తాత అప్పటికే కుర్చీలేసుకుని ఉన్నారు. ఇద్దరూ ఏదో తలుచుకుని తెగ నవ్వుతున్నారు. పిన్ని కళ్లు తుడుచుకుంటూ, "మీ నాన్న ఇవాళ మా యవ్వనం తెచ్చాడే" అంది. అదేం మాటో ఆ క్షణంలో నాకు బోధపడలేదు.

మేడ మీద కుండీలు రెండూ ఖాళీ. బట్టలుతికే సిమెంటు తొట్టినిండా నీళ్లు. నీళ్ల అడుగున రెండు కాండాలు, తెల్లగా, ఆకన్నది లేకుండా. వాటి మీద మూడు రాళ్లు. నాన్న చొక్కా చేతులు మడిచి పక్కన నిలబడి ఉన్నాడు. అన్నం వండుకునే ఇనుప పొయ్యి మీద నల్లటి తడి ముద్ద ఇంకా పొగ చిమ్ముతోంది.

"పైది ఏది నాన్నా?"

"పైదేంటి?"

"పువ్వు! కొసలు!"

"చెత్త. గోడకేసి దులిపేశా. కాల్చేశా."

గోడ మీద జిగురు మరకలు కనబడుతున్నాయి. పొయ్యిలో చెయ్యి పెట్టాను. కాలింది. పెట్టిన చెయ్యి ఎడమది కాబట్టి కాలినట్టు ఆలస్యంగా తెలిసింది. ముద్దని విప్పితే లోపల కూడా మసే. వేలంత కూడా మిగల్లేదు.

అప్పుడు అరిచాను. జన్మలో అలా అరవలేదు. "అది నాకు! నా చేతికి! నీ భుజానికేమీ లేదు, నీకెప్పుడూ ఏమీ లేదు! చెయ్యి నాది నాన్నా! నాది పోతోంది!"

కింద వీధిలో నవ్వులు ఆగిపోయాయి.

నాన్న దగ్గరికొచ్చాడు. "ఏ చెయ్యి?" అన్నాడు.

చూపించాను. ఆయన పట్టుకున్నాడు. వేళ్లు ఒక్కొక్కటే విప్పడానికి చూశాడు. రెండు వేళ్లు విప్పాడు, మిగతావి రాలేదు.

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి. డాక్టరు ఫిబ్రవరిలో చెప్పింది."

"ఫిబ్రవరి" అన్నాడు. నెల పేరు మొదటిసారి వింటున్నట్టు అన్నాడు. కుర్చీలో కూలబడ్డాడు. "నేను ఇంకోటి అనుకున్నానే. గిన్నెలు జారవిడుస్తున్నావు. గడప దగ్గర తూలుతున్నావు. ఆ రోజు మొక్క పీకుతూ పడిపోయి నవ్వుతున్నావు. సారా వాసన వస్తుందేమోనని చూశా, రాలేదు. అయితే దీన్నే పీలుస్తున్నావనుకున్నా. టీవీలో చూపిస్తారు కదా, ఈ కొసలు పీల్చి కుర్రాళ్లు పాడైపోతారని. నా భుజం పేరు చెప్పి నువ్వు పెంచుకుంటున్నావనుకున్నా. అడిగితే బాగానే ఉందంటావు. ఎన్ని నెలలు చూడను? ఇవాళ నువ్వు లేవు కదాని తెగించా. కాడలు మాత్రం కాల్చడానికి చేతులు రాలేదు. అవేం పాపం చేశాయి?"

నేనాయనకి మతి పోతోందని డాక్టరు కోసం చూస్తున్నాను. ఆయన నాకు మత్తు పట్టిందని మాత్రల పెట్టె చూస్తున్నాడు. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, రోజూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటూ!

"జూన్‌లో కొమ్మలు కూడా నువ్వేనా?"

"నిటారుగా వస్తుందని."

నా వైపు చూడలేదు, కొండ వైపు చూస్తూ అన్నాడు.

"యాభై ఏళ్ల కిందటిదాకా ప్రతి ఆగస్టులోనూ కాల్చామే. నార కావాలి, కొసలు అడ్డం. బండ్లకి బండ్లు. ఇంటి ఎత్తు కుప్పలు వేసి ఊరంతా కాల్చాం. నా చేత్తో ఎంత తగలబెట్టానో నాకే తెలియదు. ఇప్పుడు నా కూతురికి గుప్పెడు కావాల్సొస్తే, ఆ గుప్పెడూ నేనే కాల్చాను."

ఏడ్చాడు. అమ్మ పోయిన రోజున కూడా ఈయన దగ్గాడు గానీ ఏడవలేదు. నాకు ఆయన్ని ఓదార్చాలనిపించలేదు. ఇంకా కోపంగానే ఉంది. అయినా కాలిన చేతికి చల్లనీళ్లు పోస్తానంటే చెయ్యి చాపాను. తొట్టిలో నీళ్లే పోశాడు.

సెప్టెంబరు 25

బెలెన్‌కి చెప్పాను. "తెలుసక్కా" అంది. "సూది నీ చేతిలోంచి జారితే ఆ చప్పుడు నా బల్లకే కదా ముందు వినబడేది. నువ్వే చెబుతావని ఊరుకున్నా." పోయిన ఏడాది తన మొక్కల్లో మిగిలిన కొంచెం నూనె తెచ్చిస్తానంది. నెలకి వస్తుంది, అంతకంటే రాదట. వైద్యపరీక్ష అక్టోబరు 26న. నిలబడితే నిలబడుతుంది. లేకపోతే ఏం చేస్తానో తెలియదు. ఈ మాట రాస్తుంటే అక్షరాలు గీత తప్పి కిందికి జారుతున్నాయి. కుడి చెయ్యి కూడా

అక్టోబరు 1, ఆదివారం

అమ్మాయి చెబుతోంది, నేను రాస్తున్నాను. నా పేరు హినేస్. నేను బడికి మూడేళ్లే వెళ్లాను కాబట్టి అక్షరాలు పెద్దగా ఉంటాయి, పేజీలు ఎక్కువ అవుతాయి. మెల్లగా చెప్పమన్నాను. మెల్లగానే చెబుతున్నానంటోంది, చెప్పడం లేదు.

వెనక పేజీలు చూడనని మాటిచ్చాను. చూడలేదు. ఒకటి చూశాను.

ఆరు రోజులుగా కుడి చెయ్యి కూడా కలం పట్టనివ్వడం లేదు. కొత్త మందు మొదలుపెట్టారు, చెయ్యి తిరిగి రావచ్చని డాక్టరమ్మ అంది. గురువారం నేను కూడా వెళ్లాను. పిలిచినప్పుడు ఇద్దరం లేచాం. లోపల డాక్టరమ్మ అమ్మాయిని వేళ్లు ముక్కుకి ఆనించమంది, గీత మీద నడవమంది. అమ్మాయి తూలింది. నేను కుర్చీలోంచి లేవబోతే ఆగమంది. ఆగాను. ఆగడం నాకు చేతకాని పని.

తిరిగొస్తూ కంపెనీ దగ్గర బస్సు దిగి, అమాన్సియోకి అమ్మాయి తనే చెప్పింది. అతను టోపీ తీసి చేతిలో పట్టుకుని విన్నాడు. పరీక్ష దాకా బల్ల అలాగే ఉంచుతానన్నాడు. ఆ తర్వాత సంగతి తన చేతిలో లేదన్నాడు.

ఇదంతా ఆమె చెప్పి రాయించింది. ఇప్పుడు నాది ఒకటి రాస్తున్నాను, ఆమె చూస్తోంది. జబ్బు పేరేమిటే అని అడిగాను. ఈ పుస్తకంలో అది రాయనని ఒట్టు పెట్టుకున్నానంది. ఒట్టు నువ్వు పెట్టుకున్నావు, నేను కాదు, చెప్పు అన్నాను. పొయ్యి మీద పప్పు పొంగింది, లేచి వెళ్లి మంట తగ్గించి వచ్చాను. అప్పుడు చెప్పింది. ఒక్కో అక్షరం చెబుతుంటే రాశాను.

మల్టిపుల్ స్క్లెరోసిస్.

ఇంకేమైనా ఉందా, పుస్తకం మూసెయ్యనా అన్నాను. ఉందంది. నాన్న మీద కోపం ఇంకా పోలేదు, అది కూడా రాయమంది. రాశాను.